రోత పోయిన మనిషి

మా ఆయనకు రోత పోయిన రోజు నేను పండగ చేసుకున్నాను. ఆ పూట కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ అడగకుండానే ఒక గరిటె కూర ఎక్కువ వేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది కానీ, అప్పటికి నాకు తెలిసిందల్లా ఆయన నోట్లోకి మళ్ళీ నాలుగు మెతుకులు పోతున్నాయనే.

ఆయన పేరు నూకరాజు, సైన్యంలో హవల్దారు. నేను వరాలు. విశాఖపట్నం కంచరపాలెంలో రోడ్డు వారగా నాకొక కర్రీ పాయింట్ ఉంది. పప్పు, పులుసు, రెండు వేపుళ్ళు, కోడికూర గిన్నెల్లో సర్ది పెట్టుకుని, వచ్చినవాళ్ళకు సంచుల్లో మూట కట్టి ఇస్తాను. అక్కడే కూర్చుని తినేవాళ్ళ కోసం లోపల బల్లలు వేశాను. గోడకు టీవీ కూడా పెట్టించాను, అది మాత్రం నాకు పట్టిన దరిద్రం. పగలల్లా అందులో యుద్ధమే. కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు బల్లలు గుద్ది మరీ పక్క దేశాన్ని బూడిద చేసెయ్యమంటారు. మధ్యలో సబ్బు ప్రకటన వస్తుంది, అది అయ్యాక మళ్ళీ బూడిద చేసెయ్యమంటారు. వాళ్ళలో ఒక్కడు కూడా జన్మలో ఒక శవాన్ని కాళ్ళు పట్టి లేపి ఉండడు. నా మొగుడు లేపాడు.

ఉత్తరాన కొండల్లో కొత్తగా కట్టిన ఆనకట్ట ఒకటి తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. దానికి రిబ్బను కత్తిరించడానికి దండలు వేసుకుని వచ్చిన నాయకులు, అది తెగినప్పుడు హెలికాప్టర్లోంచి కిందికి చూసి వెళ్ళిపోయారు. బురదలోకి దిగింది మా ఆయన లాంటివాళ్ళు. ఇచ్చిన రబ్బరు తొడుగులు మొదటి పూటే చిరిగిపోతే, ఆ తర్వాత వట్టి చేతులతోనే మనుషుల్ని బయటికి తీశారట. నీళ్ళలో నానిన మనిషిని పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆయన ఒకసారి చెప్పబోయి ఆపేశాడు. నేను కూడా రెట్టించి అడగలేదు.

సెలవు మీద ఇంటికొచ్చాక ఆయన చెయ్యి అన్నంలో పెట్టలేకపోయాడు. అసలే ఆయనకు రోత ఎక్కువ. గ్లాసు పెదవికి తగలనివ్వడు, ఎత్తి గొంతులో పోసుకుంటాడు. ఇంకొకరు కొరికిన జామకాయ చచ్చినా ముట్టడు. పెళ్ళయిన కొత్తలో నా కంచంలోంచి ఒక ముద్ద కలిపి పెట్టబోతే మొహం పక్కకు తిప్పేసుకున్నాడు, మా పిన్నమ్మలు దాని గురించి నన్ను చాన్నాళ్ళు ఏడిపించారు. అలాంటి మనిషి ఆ బురదలో పనిచేసి వచ్చాడు. చేతిని ముక్కు దగ్గర పెట్టుకోవడం, లేచి వెళ్ళి కడుక్కోవడం, అదే పని. చెంచా ఇచ్చాను, చెంచాతోనూ దిగలేదు. కళ్ళు మూసుకుని గంజి తాగేవాడు. చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు అయిపోయాడు. ఊరందరికీ కూరలు అమ్మి, ఇంట్లో మొగుడికి గంజి పోయాల్సి రావడం ఎంత నరకమో నాకే తెలుసు.

ఆయన అక్క పేరు పైడితల్లి, నాకు వదిన. పెద్ద చదువు చదివిన మనిషి. భీమిలి వైపు కొండవారన ఉన్న సైనిక దారుఢ్య పరిశోధనశాలలో శాస్త్రవేత్త. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. తమ్ముడు గంజి తాగుతుంటే చూసి ఆమె వంటింట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తలనొప్పికి మందున్నప్పుడు రోతకు ఎందుకుండకూడదని ఆ రోజే నాతో అంది. మాటవరసకు అంటోందనుకున్నాను. ఆమె ఏదీ మాటవరసకు అనదు.

మందు తయారయ్యాక మొదట ఎక్కించుకున్నవాళ్ళలో మా ఆయన ఒకడు. నేను కూడా వెంట వెళ్ళాను. ఆయన తలకు తీగలున్న టోపీ ఒకటి తగిలించి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా రెండు గిన్నెల్లో పెరుగన్నం పెట్టారు. ఒకటి కొత్తది. రెండోది ఆయన చూస్తుండగానే వేరే మనిషి సగం తిని వదిలేసింది. ఆ రెండో గిన్నె ముందుకు జరపగానే ఆయన పై పెదవి ముడుచుకుంది, పక్కనున్న తెర మీద మెదడు బొమ్మలో చెవి వెనక మడత ఒకటి ఎర్రగా వెలిగింది. అప్పుడు ముక్కులో మందు కొట్టారు. కాసేపటికి ఆ ఎరుపు పల్చబడి ఆరిపోయింది. మా ఆయన చెయ్యి చాచి, ఆ ఎంగిలి పెరుగన్నం కలుపుకుని గిన్నె ఖాళీ చేసి, ఉప్పు తగ్గిందన్నాడు.

వదిన మొహం వెలిగిపోయింది. విదేశాల్లో రోతను కొలవడానికి బొద్దింకల బొమ్మలు చూపిస్తారట, మనవాళ్ళకు బొద్దింక ఒక లెక్కా అని నవ్వింది. మనకు నరనరాన ఉన్న రోత ఎంగిలి, దాన్ని దాటినవాడు దేన్నైనా దాటతాడు, అంచేత ఈ పరీక్ష తనే కనిపెట్టానంది. ఆ ఎంగిలి గిన్నె ఖాళీ అయితే చాలు, మనిషి బాగుపడ్డట్టే రాసుకునేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు నేను పచ్చి మామిడి ముక్క ఉప్పూ కారంలో అద్దుకుని కొరికి, కూరలో ఉప్పు చూడ్డానికి పక్కన పెట్టాను. ఆయన వచ్చి ఆ కొరికిన ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత నా గ్లాసు ఎత్తి, పెదవి ఆనించి, మిగిలిన నీళ్ళు తాగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా ఎంగిలి తిన్నాడు. మన ఇళ్ళల్లో మొగుడు పెళ్ళాం ఎంగిలి తిన్నాడంటే అంతకు మించిన ముద్దూ ముచ్చటా ఏముంటాయి. ఆనకట్ట దగ్గర చావును చూసి వచ్చాడు కదా, మనిషి విలువ తెలిసిందని, నా మీద ప్రేమ పొంగిందని అనుకున్నాను. నాలో నేను సిగ్గుపడుతూ పోపు మాడ్చుకున్నాను.

ఆ మందుకు ఢిల్లీలో కమిటీ కూర్చుని 'నిశ్చల' అని పేరు పెట్టింది. మన దేశంలో ఏ పాడు పనికైనా ముందు ఒక మంచి సంస్కృతం పేరు దొరుకుతుంది. ఈ వార్త పొక్కగానే మొదట ఎగబడ్డది సైన్యం కూడా కాదు, ఒక మహానగరం అధికారులు. మ్యాన్‌హోళ్ళలోకి దిగే పనివాళ్ళకు ఈ మందు ఇస్తే మురుగు తీసే యంత్రాలు కొనక్కర్లేదు కదా అని అడిగారట. ఊపిరాడక చచ్చిపోయే మనిషికి గాలి ఇవ్వరు, కంపు తెలియకుండా మాత్రం చేస్తారట. ఈ మాట వదినే నాకు చెప్పి, వాళ్ళు రాసిన కాగితం చింపి పారేశానంది. విజ్ఞానం అంటే నాకు పగేమీ లేదు, నా కొట్లో మిక్సీ లేకపోతే నాకు పూట గడవదు. కానీ ఏ కొత్త వస్తువు వచ్చినా అది ముందు ఒక రోగి మంచం పక్కన నిలబడి దణ్ణం పెడుతుంది, నెల తిరక్కుండా ఇల్లంతా తనదే అంటుంది. ఇదీ అంతే అయింది.

సైన్యం ఒక్కో దళంలో కొంతమందికి నిశ్చల ఇవ్వడం మొదలుపెట్టింది. మా ఆయన ముందే వాడుతున్నాడు కాబట్టి వాళ్ళలో కలిశాడు. వారానికోసారి ముక్కులో మందు, పని మామూలే. ఆయన్ను సరిహద్దు అడవుల వైపు పంపారు. కొన్నాళ్ళకు ఆ అడవిలో పెద్ద విజయం సాధించామని టీవీ ఊగిపోయింది. చొరబాటుదారుల ముఠా మొత్తం హతమైందని, కొత్త యూనిఫారాల్లో వరసగా పడుకోబెట్టిన శవాలను చూపించారు. మొహాల మీద మసక వేశారు. ఆ రోజు నా కొట్టు ముందు టపాకాయలు కాల్చారు. అప్పటికే ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, పాలించే పార్టీవాళ్ళు ఆ ఫొటోలనే ఫ్లెక్సీలు కట్టించారు. మీ ఆయన వీరుడని నా చెయ్యి పట్టుకుని ఊపినవాళ్ళకు లెక్కలేదు.

ఆయన సెలవు మీద వచ్చాడు. ఒళ్ళు చేశాడు, నిగనిగలాడుతున్నాడు. మధ్యాహ్నం కొట్లో నాకు సాయం చేస్తానని లోపలికి వచ్చాడు. ఎవరో లారీ డ్రైవరు తిని వెళ్ళిపోయాడు. బల్ల మీద వాడి పళ్ళెంలో నాలుగు అన్నం ముద్దలు, నమిలి పక్కన పెట్టిన ఎముకలు, చల్లారిన చారు. నేను గుడ్డ తీసుకుని వచ్చేసరికి మా ఆయన ఆ బల్ల దగ్గర కూర్చుని అది తింటున్నాడు. ఆకలికి కాదు. అన్నం ఎదురుగా ఉంది కాబట్టి తింటున్నాడు. నన్ను చూసి నవ్వి, పారెయ్యడం దేనికని అన్నాడు. ఆ నవ్వులో ఏ తేడా లేదు, నా మామిడి ముక్క తిన్నప్పుడు ఇలాగే నవ్వాడు. ప్రేమా లేదు, నా మొహమూ లేదు. నా ఎంగిలీ లారీ డ్రైవరు ఎంగిలీ ఆయనకు ఒక్కటే అయిపోయాయి.

ఆ పళ్ళెం లాక్కుని, కొట్టు తలుపు దగ్గరకు వేసి, ఆయనకు వేడిగా అన్నం పెట్టాను. గోంగూర పచ్చడి వేశాను. అడవిలో ఏం జరిగిందని అడిగాను. ఎవరికీ చెప్పొద్దని పైవాళ్ళు గట్టిగా చెప్పారట. అయినా చెప్పాడు. దాచుకోవాలని అనిపించాలన్నా లోపల ఏదో ఒకటి ముడుచుకోవాలి కదా, ఆయనకు ముడుచుకునేది ఏదీ లేదు. పచ్చడి కలుపుకుంటూ, ఊళ్ళో సంత సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఆళ్ళు బందూకులోళ్ళు కారే. కట్టెలకి ఎల్తన్న మామూలోళ్ళే. మావోళ్ళు కంగారుపడి కాల్చీసేరు. తరవాత మేజరు కొత్త యూనిఫారాలు తెప్పించి ఆళ్ళకి తొడగమన్నాడు. మిగతావోళ్ళు చెయ్యనేకపోయేరు, ఒకడైతే చెట్టు కాడికెల్లి కక్కీసుకున్నాడు. నానే తొడిగీసేను అందరికీ."

గరిటె నా చేతిలోనే ఉంది.

"ఒక ముసలాయనకి చొక్కా పట్టనేదు," అన్నాడు. "ఎనకాల కత్తెరతో కోసీసి తొడిగేను. ఫొటోలో ముందేపే కదా పడతాది. చారు ఇంకొంచెం పొయ్యి."

చారు పోసి, పెరట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమే చోట కూర్చుని కక్కుకున్నాను. లోపలి నుంచి టీవీలో వీరులకు జేజేలు వినిపిస్తూనే ఉన్నాయి. ఒకటనిపించింది, దేశం మొత్తం ఆ ముసలాయన చొక్కా ముందువైపే చూస్తోంది.

మర్నాడే వదిన దగ్గరకు వెళ్ళాను. పరిశోధనశాల గేటు దగ్గర నిశ్చల గురించి పెద్ద బోర్డు పెట్టారు, ఒక జవాను గుండె మీద చెయ్యి వేసుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. వదినను బయటికి పిలిపించి, కొండవార రాళ్ళ మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను.

తనకు ముందే కొంత తెలుసంది. కుళ్ళిన వాసనకు మేలుకునే మడతే, కళ్ళెదుట అన్యాయం జరిగినా, పచ్చి అబద్ధం విన్నా మేలుకుంటుందట. ప్రకృతి రెంటికీ వేరు వేరు గదులు కట్టలేదు. ఈ సంగతి పై అధికారికి రాసి ఇస్తే, మన ఒప్పందంలో ఉన్నది శవాల రోత మాత్రమే, మిగతాది మనకు సంబంధం లేదని పక్కన పెట్టాడట. ఎంగిలి పరీక్షలో నెగ్గుతున్నారు కదా, ఇంకేం కావాలన్నాడట. ఆమె ఊరుకుంది. తమ్ముడు అన్నం తింటున్నాడు, అది చాలనుకుంది.

పోయిన రోతను వెనక్కు తెచ్చే మందు లేదా అని అడిగాను. ఉందంది. ఎందుకైనా మంచిదని తనే చేసిందట. అధికారి దాన్ని చూసి పగలబడి నవ్వి, రోత తెప్పించే మందు ఎవడు కొంటాడమ్మా అన్నాడట. నిశ్చల కోసం దేశదేశాల సైన్యాలు వరస కట్టాయి కానీ, ఈ తిరుగు మందు ఒక్క సీసా వదిన ఫ్రిజ్‌లో వెనకాల పడి ఉంది.

ఇమ్మన్నాను. ఆమె వెంటనే లేవలేదు.

"వస్తే అన్నీ ఒక్కసారే వస్తాయి వరాలూ," అంది. "ఆ నీళ్ళలో తీసిన మనుషులూ, ఈ చొక్కాలూ, అన్నీ కలిసి మీద పడతాయి. ఆడు తట్టుకోనేకపోతే ఏటి చేస్తావు? నానైతే ఇవ్వనేను. ఆడు బతికుంటే చాలు నాకు."

"బతికున్నాడా వదినా?" అన్నాను. "ఎవలు తిని వదిలీసిందైనా తింటన్నాడు, ఎవలేం చెయ్యమన్నా చేస్తన్నాడు. నా మొగుడు నాకు గావాల. ఏడిస్తే పక్కన కూకుంటాను."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో చిన్న సీసా, మొహం పాలిపోయి ఉంది. నేనే తప్పు చేస్తున్నానేమోనని బస్సులో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. ఆయన ఉరేసుకుంటే ఆ పాపం ఎవరిది. ఇవ్వకుండా ఊరుకుంటే, ఇంకో అడవిలో ఇంకో ముసలాయనకు చొక్కా కోసే కత్తెర ఎవరిది. రెండు వైపులా నేనే కనిపించాను.

ఇంటికెళ్ళి, దాచకుండా ఆయనకే చెప్పాను. దొంగచాటుగా ఇస్తే నాకూ ఆ మేజరుకూ తేడా ఏముంది. ఆయన అరుగు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. వారం తిరిగితే నగరానికి రక్షణ మంత్రి వస్తున్నాడు, నిశ్చల వాడిన వీరుడిగా మా ఆయనకు స్టేజీ మీద సన్మానం. ఆ ముసలాయన గుర్తొస్తాడా అని అడిగాను. గుర్తున్నాడన్నాడు. గుర్తొస్తే ఏమనిపిస్తుందన్నాను. ఏమీ అనిపించదన్నాడు. కాసేపు నిజాయితీగా వెతికి చూసుకున్నట్టు ఆలోచించి మళ్ళీ అదే అన్నాడు.

"నువ్వు ఏసుకోమంటే ఏసుకుంటాను," అన్నాడు. "నాకు తేడా ఏటుంది. నువ్వు ఎందుకో బెంగెట్టుకుని చిక్కిపోతన్నావు."

నా బెంగ ఆయనకు కనిపిస్తోంది. దాని కారణం మాత్రం కనిపించడం లేదు. నేనే ఆయన తల వెనక్కు వంచి, ముక్కులో మందు కొట్టాను. సీసా పక్కకు పోతుంటే తనే నా మణికట్టు పట్టుకుని సర్దాడు.

నాలుగైదు రోజులు ఏమీ కాలేదు. నిశ్చల మందు వేసుకోవడం మాన్పించాను, అంతే. సన్మానం ముందు రోజు పొద్దున కూరగాయలు తెచ్చి చూస్తే, పెరట్లో కుళాయి పారుతోంది. ఆయన కింద కూర్చుని కొబ్బరి పీచుతో చేతులు తోముకుంటున్నాడు. తోలు లేచిపోయి నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. పీచు లాక్కుంటే నన్ను తోసేశాడు. నా జన్మలో ఆయన నన్ను తోసింది అదొక్కసారే. తర్వాత గోడ వైపు తిరిగి కక్కడం మొదలుపెట్టాడు. కడుపులో ఏమీ లేకపోయినా ఆగలేదు. ఫోన్ చేస్తే వదిన పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం చెరో పక్కన కూర్చున్నాం. దగ్గరకు వెళ్ళబోతే ముట్టుకోవద్దని చేతులు వెనక్కు దాచుకున్నాడు.

మధ్యాహ్నానికి మాట వచ్చింది.

"ఆ ముసిలాయన పాత చొక్కా జేబులో పొగాకు ఉండీదప్పా," అన్నాడు వదినతో. "ఆకులో మడతెట్టి దాచుకున్నాడు. నాను ఇసిరీసేను. ఆయన ఆడోళ్ళకి ఎవలైనా చెప్పాల కదా, మీవోడు బందూకులోడు కాడమ్మా అని. ఎవలు చెప్తారు?"

వదిన ఏడుస్తూ ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఈ పనంతా తన చేతి చలవేనని, తనను తన్నమని అంది. ఆయన తన్నలేదు, ఊరడించనూ లేదు. రేపు స్టేజీ ఎక్కుతానని, చెప్పాల్సింది అక్కడే చెప్తానని అన్నాడు. నోరు మూసుకుని శాలువా కప్పించుకుని వచ్చెయ్యమని నా నాలిక చివరి దాకా వచ్చింది. సైన్యం కోర్టు అంటే ఏమిటో నాకూ తెలుసు. రోత తెప్పించింది నేనే, మళ్ళీ నేనే మింగెయ్యమంటానా అని ఊరుకున్నాను.

మైదానం కిక్కిరిసింది. పైన ఎండ, కింద కుర్చీలు, నాలుగు దిక్కులా 'నిశ్చల జవాను, నిశ్చల దేశం' అని ఫ్లెక్సీలు. స్టేజీ మీద మంత్రి, అటూ ఇటూ చిన్నా పెద్దా నాయకులు. ఎన్నికకో పార్టీ మారే మా ఎమ్మెల్యే కూడా ఉన్నాడు. ఏ మందూ అక్కర్లేకుండానే అతను ఎప్పుడూ నిశ్చలంగానే ఉంటాడు. మంత్రి చాలాసేపు మాట్లాడాడు. వెనకటి జవాన్లకు చేతులు వణికేవని, ఇక ఈ దేశంలో ఏ చెయ్యీ వణకదని, పోలీసులకు కూడా త్వరలోనే ఈ మందు ఇస్తామని అన్నాడు. చప్పట్లు కొట్టారు. వదినా నేనూ ముందు వరసలకు కాస్త వెనకాల, నిలబడే చోట ఉన్నాం. మా ఆయన్ను పిలిచి శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

ఆయన ఒళ్ళంతా వణుకుతోంది. అంత దూరం నుంచి కూడా నాకు తెలుస్తోంది.

"మేం కాల్చింది చొరబాటుదార్లని కాదు," అన్నాడు. "కట్టెలేరుకునే పేదోళ్ళని. మీరు ఫొటోలో చూసిన యూనిఫారాలు చచ్చిపోయేక తొడిగినవి. ఈ చేతుల్తో నానే తొడిగేను. నాకప్పుడు రోత నేదు, ఇప్పుడొచ్చింది. అందుకే చెప్తన్నాను."

మంత్రి మొహంలో రంగు పోయింది. మైకు తీగ దగ్గర ఉన్నవాడు ఏం చెయ్యాలో తెలియక ఎమ్మెల్యే వైపు చూశాడు. ఇంక ఈ జనం లేస్తారు, ఆ ఫ్లెక్సీలు చింపుతారు, కనీసం ఒక్కడైనా లేచి మంత్రిని అడుగుతాడని నేను ఎదురుచూశాను.

వెనక ఎక్కడో ఒక ఈల వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఎవరో జవానుకు జై అన్నారు. ఒక మూల చప్పట్లు మొదలై, ముందు వరసల దాకా పాకాయి. నా పక్కన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దమనిషి, భలే ఎత్తు వేశారండీ మనవాళ్ళు అని నాతోనే అన్నాడు. కట్టెలేరుకునేవాళ్ళట కదా బాబూ అంటే, ఎవలైతే ఏటమ్మా, అవతలోడికి భయం పుట్టిందా నేదా అన్నాడు. ఒక ఆడమనిషి చంటిపిల్లను ఎత్తుకుని, మా ఆయన సరిగ్గా కనపడేలా ఫోన్ పైకెత్తి పట్టుకుంది. మంత్రి జనాన్ని ఒకసారి కలియజూశాడు. గాలి ఎటుందో ఆయనకు తెలిసిపోయింది. నవ్వుతూ లేచి, చప్పట్లు కొడుతూ మైకు దగ్గరకు వచ్చి, ఇంత మాట ఇంత ధైర్యంగా చెప్పగలిగాడంటే అదీ నిశ్చల మహిమ అన్నాడు. జనం లేచి నిలబడి కొట్టారు.

మా ఆయన వాళ్ళందరినీ చూశాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఛీ," అన్నాడు.

అది మైదానం అంతా వినిపించింది. చప్పట్లలో కొన్ని ఆగాయి, కొన్ని ఆగలేదు. ఆయన శాలువా తీసి కుర్చీ మీద పడేసి మెట్లు దిగాడు.

నేను వదిన భుజం పట్టుకుని కుదిపాను. వీళ్ళకు కూడా మందు ఇచ్చారా, నీళ్ళలోనో గాలిలోనో ఏమైనా కలిపారా, నిజం చెప్పమన్నాను. ఆమె ఆ జనం వైపే చూస్తోంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నేదే వరాలూ," అంది. "ఈళ్ళకి ఎవలూ ఏటీ ఇవ్వనేదు."

మా ఆయన జనాన్ని తోసుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. తోలు లేచిన ఆ చేతులతోనే నా చెయ్యి పట్టుకుని, ఇంటికి పోదాం పద అన్నాడు. మంటకు ఆయన వేళ్ళు బిగుసుకుంటున్నా వదల్లేదు. నా మొగుడు నాకు దక్కాడు. గేటు దాకా కూడా పోలేదు, జీపు దగ్గర నిలబడి ఉన్న మిలిటరీ పోలీసులు ఆయన్ను ఎక్కించుకుని వెళ్ళిపోయారు.